ఇల్లు కొనండి, వెనకున్న డీకేటీ భూమి మాత్రం వద్దు

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో పదకొండేళ్లుగా అద్దెకు ఉంటున్నాం. నాది ప్రైవేటు ఉద్యోగం, జీతం 26 వేలు. అద్దె 11 వేలైంది. పిల్లవాడి ఫీజు, అమ్మ మందులు పోతే ఏమీ మిగలడం లేదు. పల్లెకు పోదామని నిర్ణయించుకున్నాం. వెదురుకుప్పం మండలంలో 60 అంకణాల్లో ఒక పెంకుటిల్లు, దాని వెనక 70 సెంట్ల భూమి, రెండూ కలిపి 9 లక్షలకు ఇస్తామన్నారు. ఇల్లు గ్రామకంఠంలో (ఊరి పాత నివాస స్థలంలో) ఉంది, భూమి డీకేటీ. ఆ భూమిని అమ్మేవాళ్ల నాన్న ఇరవై ఏళ్ల కిందట ఇంకొకరి దగ్గర బాండు పేపరు మీద కొన్నారట. ఆయన 2012లో చనిపోయారు. ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ములు అమ్ముతున్నారు, వాళ్ల చెల్లెల్ని వేలూరులో ఇచ్చారు. ‘ఇక్కడ అందరూ ఇట్లే కొంటారు, పన్నెండేళ్లు అనుభవంలో ఉంటే మీదే అయిపోతుంది’ అంటున్నారు. 50 వేలు నగదుగా అడ్వాన్సు ఇచ్చాను. ముందుకు పోవచ్చా?

జవాబు: ముందు మీరిచ్చిన 50 వేల గురించి భయపడకండి, దాని సంగతి తర్వాత చెబుతాను. మీకు వాళ్లు రెండింటినీ కలిపి ఒకే బేరంగా చూపిస్తున్నారు. చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు ఆస్తులు. ఇల్లు కొనుక్కోవచ్చు. భూమి కొనడానికి వీల్లేదు.

డీకేటీ అంటే దరఖాస్తు పట్టా. భూమి లేని పేదలు అర్జీ పెట్టుకుంటే దున్నుకుని బతకమని ప్రభుత్వం ఇచ్చిన భూమి అది. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం దాన్ని అమ్మకూడదని, కొనకూడదని రెండు మాటలూ చెప్పింది. అమ్మకం ఒక్కటే కాదు, దానం, తాకట్టు, చివరికి కౌలు కూడా నిషేధమే. ‘కొనడం కుదరకపోతే కౌలు కాగితం రాసుకుందాం’ అని రేపు ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చట్టానికి విరుద్ధంగా చేతులు మారినట్టు తేలితే అధికారులు మిమ్మల్ని ఖాళీ చేయించి, అసలు పట్టాదారుకో వారి వారసులకో తిరిగి ఇవ్వొచ్చు, లేదా ప్రభుత్వమే తీసుకోవచ్చు. మీరు వేసిన బోరుకు, నాటిన మామిడి చెట్లకు పైసా రాదు.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. అమ్మేవాళ్లు అసలు పట్టాదారులు కారు. 2023లో వచ్చిన సవరణ, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే అసలు లబ్ధిదారులకు, వారి వారసులకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. దాన్ని చూపించి ‘ఇప్పుడు డీకేటీ ఫ్రీ అయిపోయింది’ అని చెప్పేవాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. బాండు పేపరు మీద కొన్నవాళ్లకు ఆ హక్కు రాదు. పైగా అవకతవకలు జరిగాయని 2024లో కొత్త ప్రభుత్వం అలా ఫ్రీహోల్డ్ చేసిన, అంటే అమ్మకూడదన్న నిషేధం తీసేసిన, భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. ఇరవై ఏళ్ల కిందట ఏ కష్టంలోనో ఆ 70 సెంట్లు వదులుకున్న కుటుంబం ఒకటి ఉంది. వాళ్ల పిల్లలు రేపు వచ్చి అడిగితే చట్టం వాళ్ల పక్షానే నిలబడుతుంది, నిలబడాలి కూడా. అద్దె భారం తట్టుకోలేక పల్లెకు పోతున్న మీరు ఆ కుటుంబంతో కోర్టులో తలపడే పరిస్థితి రాకూడదని నా కోరిక.

ఒక మినహాయింపు చెప్పాలి. ఆంధ్ర ప్రాంతంలో 18-06-1954కు ముందు ఇచ్చిన పట్టాల్లో అమ్మకూడదన్న షరతు సాధారణంగా ఉండదు. మాజీ సైనికులకు ఇచ్చిన భూమినైతే పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు. మీ భూమి ఈ రెండింట్లో ఏదో ఒకటని అమ్మేవాళ్లు అంటే, అసలు పట్టా కాగితం చూపించమనండి. అప్పుడు కూడా 22-ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) నుంచి తీయించి, అసలు పట్టాదారు పేరు మీద నుంచి రిజిస్ట్రేషన్ చేయించే బాధ్యత వాళ్లదే. అది అయ్యాకే డబ్బు.

ఇక ‘పన్నెండేళ్ల అనుభవం’ మాట. ఇది పల్లెల్లో ఎక్కువమందిని ముంచిన మాట. ఆ పన్నెండేళ్ల లెక్క ప్రైవేటు ఆస్తులకు. అక్కడైనా యజమానికి ఎదురుతిరిగి, బహిరంగంగా, హక్కుదారులా అనుభవించినట్టు రుజువు చేయాలి. ప్రభుత్వ భూమికైతే గడువు 30 ఏళ్లు. కొనడమే నిషేధమని చట్టం చెప్పిన భూమిలో ఏళ్లు గడిచిపోయాయని చెప్పి హక్కు సంపాదించడం కుదరదు. బాండు పేపరు మీద ఎన్ని ముద్రలు, సంతకాలున్నా, పెద్దమనుషులు ఎంతమంది సాక్షులైనా అది రిజిస్టరు దస్తావేజుతో సమానం కాదు. 100 రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఇప్పుడు ఇల్లు. గ్రామకంఠం స్థలానికి సాగుభూములకు ఉండే వన్-బీ, అడంగల్ రికార్డులు ఉండవు, దానికి కంగారు పడనక్కర్లేదు. పాత దస్తావేజులు, పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఎప్పటినుంచి కాపురం ఉంటున్నారన్నది చూడాలి. పన్ను రసీదు ఒక్కటే హక్కు పత్రం కాదని గుర్తుపెట్టుకోండి. కనీసం 30 ఏళ్లకు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఆ ఇల్లు నిజంగా పాత గ్రామకంఠంలోనే ఉందా, లేక ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల పట్టా స్థలంలో ఉందా అన్నది గ్రామ సచివాలయంలో సర్వేయరుతో చూపించుకోండి. ఇళ్ల పట్టాలకు వేరే షరతులుంటాయి. దస్తావేజులో 60 అంకణాలని మాత్రమే రాయించకండి. మన వైపు అంకణం 36 చదరపు అడుగులు, అంటే మీది 240 చదరపు గజాలు. అంకణం లెక్క అన్ని చోట్లా ఒకటి కాదు కాబట్టి గజాల్లోనూ రాసి, నాలుగు వైపుల హద్దులు, కొలతలు పెట్టించండి.

ఇంట్లో అసలు సమస్య చెల్లెలు. తండ్రి వీలునామా రాయకుండా 2012లో చనిపోయి ఉంటే కూతురికి అన్నలతో సమానంగా వాటా ఉంది. తల్లి బతికుంటే ఆమెకూ ఉంది. ‘పెళ్లిలో ఇచ్చేశాం’ అన్న మాట కోర్టులో నిలబడదు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, అందులో ఉన్న ప్రతి ఒక్కరూ అమ్మేవాళ్లుగా సంతకం పెట్టాలి. వేలూరు నుంచి ఆమె ఒక్క పూట వచ్చిపోతే సరిపోతుంది. ఆమె రానంటే ఆ ఇల్లు కూడా వదిలేయండి.

అడ్వాన్సు విషయం. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, జరిమానా తీసుకున్నవాళ్ల మీద పడుతుంది. ఈ సంగతి వాళ్లకు మెల్లగా చెప్పండి. పాత రసీదు వెనక్కి ఇచ్చి, ఆ డబ్బు బ్యాంకు ద్వారా తిప్పించుకుని, ఒక్క ఇంటికే ధర వేసి కొత్త అగ్రిమెంటు రాయించండి. డీకేటీ అని తెలిసి కూడా మిగతా డబ్బు కట్టేస్తే, తర్వాత దాన్ని తిరిగి ఇప్పించమని కోర్టును అడగడం చాలా కష్టం. చట్టం వద్దన్న పనికి ఇద్దరూ కలిసి ఒప్పుకున్నారని కోర్టు అడ్డు చెప్పే ప్రమాదం ఉంది. ఇంటికి రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు 7.5 శాతం, దాన్ని ముందే లెక్కలో పెట్టుకోండి. కూరగాయలకు భూమి కావాలంటే అదే ఊళ్లో రిజిస్టరయ్యే పట్టా భూమి 20 సెంట్లు దొరికినా మేలు.

తిరుపతి నుంచి గంట దూరమే అయినా మీకు జిల్లా మారుతుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి కొత్త జిల్లా అయింది, వెదురుకుప్పం చిత్తూరులోనే ఉండిపోయింది. అమ్మగారికి పింఛను వస్తుంటే, రేషన్ కార్డుతో పాటు దాని బదిలీకి కూడా సచివాలయంలో అర్జీ పెట్టండి. ఓటుకు ఫారం 8 ఇవ్వాలి.

కొర్లగుంట ఇంటి ఓనరుకు ఖాళీ చేస్తున్నామని ఇప్పుడే చెప్పకండి. అగ్రిమెంటులో వేరే గడువు రాసి లేకపోతే నెలనెలా అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు సరిపోతుంది. ఈసీ చేతికొచ్చి, వేలూరు ఆడపడుచు సంతకంతో రిజిస్ట్రేషన్ పూర్తయిన మరుసటి రోజు ఇవ్వండి.