బొమ్మ మారుతోందంటే అమ్మాయి వెనకబడినట్టు కాదు

ఎల్బీనగర్ నుంచి ఓ తండ్రి రాశారు: "మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టని నాలుగు నెలలుగా ఒకే చెట్టు బొమ్మ గీస్తోంది. రన్ చేసిన ప్రతిసారీ బొమ్మ మారిపోతోందట. ఎమ్మెస్సీ చేస్తానంటోంది. నేనేమో అమీర్‌పేటలో ఆర్నెల్ల డేటా సైన్స్ కోర్సుకి లక్షన్నర కట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఏది మంచిది? ప్లాట్ల వ్యాపారం నాది, ఈ చదువులు తెలియవు."

అయ్యా, మీరడిగింది కోర్సు గురించి. మీ ఉత్తరం నిండా ఉన్నది మాత్రం అమ్మాయి ఎక్కడో ఇరుక్కుపోయిందన్న దిగులు. ముందు దాని సంగతి చూద్దాం.

మీ వ్యాపారంలోంచే చెబుతాను. ఒక నలుచదరపు స్థలాన్ని ముందు నిలువుగా కోసి, ఆ తర్వాత అడ్డంగా కోయండి, నాలుగు ప్లాట్లు. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా కోసినా అవే నాలుగు ప్లాట్లు, అవే హద్దురాళ్లు. మారింది కోతల వరుస ఒక్కటే. ఆ వరుసే మీ అమ్మాయి గీస్తున్న చెట్టు, అవును-కాదు ప్రశ్నలతో అంచనా వేసే డెసిషన్ ట్రీ. ఫ్లాటు ధర అంచనా వేయాలనుకోండి. "మెట్రోకి రెండు కిలోమీటర్ల లోపా?" అని ఒక ప్రశ్న, అవునంటే ఒక కొమ్మ, కాదంటే ఇంకో కొమ్మ. తర్వాత "బిల్డింగ్‌కి పదేళ్లు దాటాయా?" చివరి ఆకు ఒక్కోటీ ఒక ప్లాటు. చూపుకి వేరువేరుగా ఉన్న రెండు చెట్లది ఒకే లేఅవుట్ కావచ్చు.

ఇలాంటి చెట్లు కట్టడానికి 1984లో బ్రీమన్ బృందం తెచ్చిన కార్ట్ పద్ధతిలో చివరికి ఒకే చెట్టు మిగులుతుంది. 1998లో చిప్‌మన్, జార్జ్, మెకల్లా చూపిన బేసియన్ దారిలో, అంటే ముందున్న అంచనాని డేటాతో సవరించుకునే దారిలో, వేల చెట్లు వస్తాయి. మీ అమ్మాయిది ఈ దారే అయ్యుండాలి. కొమ్మ పెంచుతూ, కత్తిరిస్తూ, ప్రశ్న మారుస్తూ పోతుంది ప్రోగ్రాం. బొమ్మ మారడం ఆ పద్ధతిలోనే ఉంది. ప్రోగ్రాం వాడే యాదృచ్ఛిక అంకెలకి మొదలైన సీడ్‌ని బిగిస్తే ప్రతిసారీ ఒకే బొమ్మ వస్తుంది, ఆమె కావాలంటే మొదటి రోజే అలా చేసి మీ నోరు మూయించేది. చేయలేదు. నాకు ఆ పిల్ల మీద నమ్మకం అక్కడే కుదిరింది.

ఆమెకో మాట చెప్పండి. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో టీజీపీ ప్యాకేజీ అత్యధిక సంభావ్యత ఉన్న చెట్టుని గీసిస్తుంది. అది చూడాలి, కానీ అక్కడే ఆగొద్దు. అన్ని చెట్ల హద్దుల్నీ ఒకే కాగితం మీద లేత గీతలతో వేయాలి. గీత నల్లబడిన చోట హద్దు మీద డేటాకి నమ్మకం ఉంది, అలుక్కుపోయిన చోట లేదు. రన్ మారితే చెట్టే కాదు, ఈ హద్దుల పటమే మారిపోతుంటే చెయిన్, అంటే చెట్టు నుంచి చెట్టుకి సాగే ప్రోగ్రాం నడక, ఒకచోట చిక్కుకుందేమో చూడాలి, వేరువేరు చోట్ల మొదలుపెట్టి ఎక్కువసేపు నడపాలి. ముందు 133 కొలతల మోటార్‌సైకిల్ డేటా (ఢీకొన్నప్పుడు తల ఎంత వేగంగా కుదుపుకి లోనైందో కాలంతో పాటు కొలిచిన పాఠ్యపుస్తకాల డేటా) మీద సాధన చేస్తే సులువు. అక్కడ చలరాశి కాలం ఒక్కటే, హద్దులు గీత మీద చుక్కలు.

ఇక మీ సంగతి. నాలుగు నెలలు ఆ లాప్‌టాప్ వెనకనుంచి నడిచి వెళ్లారు. ఒక్కసారైనా పక్కన కూర్చుని "ఏంటమ్మా ఈ గీతలు" అన్నారా? లేఅవుట్ చదవడంలో చెయ్యి తిరిగినవారు మీరు. తెలియదని తప్పుకోవడం బాగాలేదు.

ఆర్నెల్ల కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. చెడ్డవని అనను. ఇంజినీరింగో మరోటో చేసి, చేతికి పనిముట్టు మాత్రమే కావాల్సినవాళ్లకి పనికొస్తాయి. కానీ సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికొచ్చే పిల్లల్ని "మీ మోడల్ ఇచ్చిన ఈ అంకె మీద నీకెంత నమ్మకం?" అని అడుగుతాను. చాలామంది కచ్చితత్వం శాతం చెప్పి ఆగిపోతారు. మీ అమ్మాయి నాలుగు నెలలుగా కుస్తీ పడుతున్నది సరిగ్గా ఆ ప్రశ్నతోనే. "ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్నవాళ్లని అది కాగితం మీద రాసిమ్మనండి. వెంచర్‌లో ప్లాటు కొనేవాడికి మీరు లింకు డాక్యుమెంట్లు చూసుకోమని చెప్పరూ?

ఎమ్మెస్సీకి ఊరు దాటక్కర్లేదు. ఉస్మానియా ఉంది, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకున్న సి.ఆర్. రావు గారి పేరిట ఆ క్యాంపస్‌లోనే ఒక సంస్థ నడుస్తోంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) ప్రవేశ పరీక్ష కూడా రాయమనండి. పైథాన్, ఎస్‌క్యూఎల్ లాంటి కంప్యూటర్ భాషలు సెలవుల్లో నేర్చుకుంటుంది, దానికి లక్షన్నర అక్కర్లేదు.

దరఖాస్తు తేదీలు ఆమెకు తెలుసు. ఫీజు కట్టాల్సిన రోజు మీకు రెండోసారి గుర్తు చేయాల్సిన పని మాత్రం ఆమెకు పెట్టకండి.