ధ్వని ఉక్కులో అంత వేగంగా ఎందుకు వెళ్తుంది, గోడ దగ్గర ఎందుకు ఆగిపోతుంది?

మీ ప్రశ్నలో రెండు సందేహాలు కలిసి ఉన్నాయి. గాలి కంటే ఉక్కు ఎన్నో రెట్లు సాంద్రమైనది కాబట్టి ధ్వని అందులో నెమ్మదిగా వెళ్లాలి కదా అన్నది మొదటిది. ఘనపదార్థాలు ధ్వనిని బాగా మోసుకుపోతాయన్న మాట నిజమైతే గోడ అవతలి మాటలు మనకెందుకు వినపడవన్నది రెండవది. వెల్డింగ్ అతుకులలోనూ పోత లోహపు భాగాలలోనూ లోపల దాగిన లోపాలను అతిధ్వనితో, అంటే చెవికి వినపడనంత ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనితో పరీక్షించడం నా వృత్తి కాబట్టి, ఈ రెండూ నేను రోజూ పరికరం తెర మీద చూసే విషయాలే. తరంగం ఒక పదార్థంలో ఎంత వేగంగా నడుస్తుందన్నది ఒక విషయం, అసలు ఆ పదార్థంలోకి ఎంత భాగం ప్రవేశిస్తుందన్నది పూర్తిగా వేరే విషయం.

ముందు వేగం సంగతి చూద్దాం. తరంగం సాగుతున్నప్పుడు పదార్థం ప్రయాణించదు. ప్రతి కణమూ తన చోటి నుంచి కొద్దిగా జరిగి, పక్క కణాన్ని నెట్టి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ నెట్టుడు ఎంత త్వరగా అందుతుందన్నది పదార్థం ఎంత బిగువుగా ఉందన్న దాని మీద, అంటే దాని స్థితిస్థాపక గుణకం మీద ఆధారపడుతుంది. సాంద్రత ఎక్కువైతే కణాలను కదిలించడం కష్టమై వేగం తగ్గుతుంది. స్థితిస్థాపక గుణకాన్ని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వచ్చేదే వేగం. ఉక్కు సాంద్రత గాలి సాంద్రతకు సుమారు 6,500 రెట్లు ఉంటే, దాని బిగువు దాదాపు 14 లక్షల రెట్లు ఉంటుంది. అందుకే 20 డిగ్రీల గాలిలో సెకనుకు 343 మీటర్లు వెళ్లే ధ్వని, సన్నని ఉక్కు కడ్డీలో 5,000 మీటర్లకు పైగా, మందమైన ఉక్కు దిమ్మెలో సుమారు 5,900 మీటర్లు వెళ్తుంది. సాంద్రత ఎక్కువ కావడం వల్లనే వేగం పెరుగుతుందని కొన్నిచోట్ల రాస్తుంటారు గానీ, అది సరికాదనడానికి సీసం ఒక్కటి చాలు: ఉక్కు కంటే బరువైనదీ మెత్తనిదీ అయిన ఆ లోహంలో ధ్వని సెకనుకు దాదాపు 2,200 మీటర్లే వెళ్తుంది. వేడెక్కిన ఉక్కులోనూ బిగువు సడలి వేగం తగ్గుతుంది కాబట్టి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్ని బట్టి వేడి గొట్టం మందాన్ని చల్లని ఉక్కు వేగంతో లెక్కగడితే అది ఉన్నదాని కంటే మందంగా కనిపిస్తుంది.

ఘనపదార్థాలలో మరో విశేషం ఉంది. గాలిలో, నీటిలో ధ్వని అనుదైర్ఘ్య తరంగంగా, అంటే కణాలు తరంగం సాగే దిశలోనే ముందుకూ వెనక్కూ ఊగేలా మాత్రమే సాగుతుంది. ఘనపదార్థం ఆకారం మార్పును కూడా ఎదిరిస్తుంది గనుక అందులో తిర్యక్ తరంగాలూ, అంటే కణాలు ఆ దిశకు అడ్డంగా ఊగే తరంగాలూ పుడతాయి. ఉక్కులో వీటి వేగం సుమారు 3,200 మీటర్లు. భూమి బాహ్య కేంద్రం ద్రవమని చెప్పడానికి ఒక ముఖ్యమైన ఆధారం, భూకంపాల తిర్యక్ తరంగాలు దానిని దాటి రాకపోవడమే.

ఇక గోడ సంగతి. ప్రతి పదార్థానికీ సాంద్రతను, ధ్వని వేగాన్ని గుణిస్తే వచ్చే ధ్వని అవరోధం ఉంటుంది. రెండు పదార్థాల అవరోధాల మధ్య తేడా ఎంత పెద్దదైతే, వాటి సరిహద్దు వద్ద అంత ఎక్కువ శక్తి వెనక్కి పరావర్తనం చెందుతుంది. ఈ విలువ గాలికి 400 చిల్లర, నీటికి 15 లక్షల దరిదాపు, ఉక్కుకు దాదాపు 4.6 కోట్లు. ఉక్కు నుంచి నీటిలోకి సుమారు 12 శాతం శక్తి దాటుతుంది. గాలిలోకైతే లక్షలో 4 వంతులు కూడా దాటదు. 25 మిల్లీమీటర్ల ఉక్కు పలక మీద, అతిధ్వనిని పంపి తిరిగి అందుకునే ప్రోబ్‌ను పొడిగా ఆనించి చూడండి, మధ్యలో కంటికి కనిపించని గాలి పొర ఉన్నందువల్ల తెర మీద ప్రతిధ్వని గీతే లేవదు. అదే చోట ఒక చుక్క జెల్ వేసి నొక్కితే, తరంగం పలక అడుగును తాకి 8.5 మైక్రోసెకన్లలో తిరిగొచ్చిన గుర్తుగా గీత నిటారుగా లేస్తుంది. లోపలి పగుళ్లు మాకు దొరికేది కూడా అందులోని గాలి తరంగాన్ని అలా తిప్పికొట్టడం వల్లనే.

మాట గాలిలో పుట్టి గోడను తాకినప్పుడూ అత్యధిక భాగం అక్కడే వెనక్కి మళ్లుతుంది. దాటి వచ్చే కొద్దిపాటి శబ్దం గోడ మొత్తంగా కంపించడం వల్ల వస్తుంది. బరువైన గోడను వేగంగా ఊపడం కష్టం గనుక తక్కువ పౌనఃపున్యాలే ఎక్కువగా దాటుతాయి, పక్క గదిలోని సంగీతంలో మనకు డప్పు మోత మిగిలి పాట మాయమయ్యేది అందుకే. గోడకు మేకు కొడితే మాత్రం శక్తి నేరుగా ఘనపదార్థంలోనే పుడుతుంది కాబట్టి ఇల్లంతా వినిపిస్తుంది.

లోపలికి వెళ్లిన తరంగమైనా చివరిదాకా చేరుతుందన్న హామీ లేదు. పోత ఇనుములోని గ్రాఫైట్ రేకులు, కొన్ని స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగులలోని పెద్ద స్ఫటిక రేణువులు తరంగాన్ని నలుదిక్కులా చెదరగొడతాయి. రేణువు పరిమాణం తరంగదైర్ఘ్యానికి దగ్గరయ్యే కొద్దీ ఈ నష్టం తీవ్రమవుతుంది గనుక, అలాంటి చోట తరంగదైర్ఘ్యం పెంచడానికి 4 మెగాహెర్ట్జ్‌కు బదులు 2 లేదా 1 మెగాహెర్ట్జ్ ప్రోబ్ తీసుకుంటాము. దానితో చిన్న పగుళ్లను పట్టే సామర్థ్యం కొంత తగ్గినా, పలక అడుగు నుంచి ప్రతిధ్వని మాత్రం చేతికందుతుంది.