క్లోరైడ్ చానల్ పని మొదలుపెట్టిన మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు పంపిన రంగురంగుల బొమ్మ చూశాను. కణపు పొరలో క్లోరైడ్ అయాన్లను దాటనిచ్చే చానల్ ప్రొటీన్ నిర్మాణాన్ని కంప్యూటర్‌లో తిప్పి తిప్పి చూస్తూ మూడు రోజులు కూర్చున్నానని రాశావు. బాగానే ఉంది గానీ, ఇక దాన్ని మూసెయ్. ముందు చానల్ గుండా పోయే కరెంటును గీతగా గీసిన రికార్డింగులు చూడు. చానల్ ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎంతసేపు మూసుకుని ఉంటుందో చెప్పేది ఆ గీతే. నీ దగ్గరున్న బొమ్మ ఒక్క క్షణంలో తీసిన ఫొటో, అంతే.

టార్పెడో అనే విద్యుత్ చేపలోని సీఎల్‌సీ-0 చానల్ రికార్డింగు ఒకటి తీసుకుని స్కేలు పెట్టి కొలువు. మూడు మట్టాలు కనిపిస్తాయి. అడుగున సున్నా, దానిపైన ఒక మెట్టు, ఆపైన ఇంకో మెట్టు. రెండు మెట్ల ఎత్తూ సమానం. గీత కాసేపు వాటి మధ్య టకటకా ఎక్కి దిగుతుంది, ఉన్నట్టుండి అడుక్కి పడిపోయి చాలాసేపు కదలదు. ఎక్కి దిగడమంతా ఒక్కో రంధ్రానికి విడిగా ఉన్న చురుకు తలుపు పని. ఆ నిశ్శబ్దం రెండు రంధ్రాలనూ ఒకేసారి మూసే నిదానపు తలుపుది. 1980ల మొదట్లో శాస్త్రవేత్త క్రిస్టఫర్ మిల్లర్ ఈ గీతల్ని చూసే, ఇది రెండు గొట్టాల తుపాకీ లాంటిదని చెప్పాడు. అప్పటికి నిర్మాణం ఎవరికీ తెలీదు. 2002లో శాస్త్రవేత్త మెకినన్ బృందం బాక్టీరియాలోని ఇదే కుటుంబపు ప్రొటీన్ నిర్మాణం బయటపెడితే నిజంగానే రెండు సగాలు, సగానికో రంధ్రం!

ఇప్పుడు ఆ బాక్టీరియా ప్రొటీన్ బొమ్మ తెరువు. రంధ్రం మధ్యలో, ప్రొటీన్ గొలుసులో 148వ అమైనో ఆమ్లమైన గ్లుటమేట్ దగ్గర ఆగు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద రుమాలు వేస్తారు చూడు, గ్లుటమేట్ తోక చేసేది ఆ పనే. క్లోరైడ్ కూర్చోవాల్సిన చోట తను పరుచుకుని ఉంటుంది. రెండింటికీ ఋణావేశమే, ఉన్నది ఒకటే సీటు. కాకపోతే బస్సులో ఉన్నంత మర్యాద ఇక్కడ లేదు. క్లోరైడ్ ఎక్కువగా ఉంటే రుమాలు లాగేసి కూర్చుంటుంది. బయటి ద్రావణంలో క్లోరైడ్ పెంచితే సీఎల్‌సీ-0 ఎక్కువసేపు తెరిచి ఉండేది ఇందుకే. దాటాల్సిన అయానే తలుపు తీస్తుందన్నమాట. ఆ గ్లుటమేట్‌ను గ్లుటమిన్‌గా మార్చిన స్ఫటికంలో తోక పక్కకు తప్పుకుంది, సీట్లో క్లోరైడ్ కనిపించింది. టార్పెడో చానల్లో ఇదే గ్లుటమేట్ 166వది. అక్కడ అలనిన్ పెడితే చురుకు తలుపు ఆట దాదాపు కట్టు.

అయితే ఒకటి గుర్తుంచుకో. ఆ బాక్టీరియా ప్రొటీన్ అసలు చానలే కాదు. రెండు క్లోరైడ్‌లు ఒకవైపు వెళ్తుంటే ఒక ప్రోటాన్‌ను రెండోవైపుకు పంపే ట్రాన్స్‌పోర్టర్ అని 2004లో అకార్డి, మిల్లర్ తేల్చారు. నిర్మాణం వచ్చాక కూడా రెండేళ్లపాటు అందరూ దాన్ని చానల్ అనే పిలిచారు! అందుకని దాని కొలతలు తెచ్చి నీ కండరపు చానల్ మీద రుద్దకు. నీ చానల్ సీఎల్‌సీ-1కి 2018లో సొంత నిర్మాణం వచ్చింది, అది వాడు.

నువ్వు చూస్తున్న ఉత్పరివర్తన, అంటే జన్యువులో మార్పు, మయోటోనియా అనే కండరాల జబ్బు కుటుంబంలోది కదా. ఆ మనుషులకు పిడికిలి బిగిస్తే వెంటనే విడవదు. కండరాన్ని నెమ్మదింపజేసే క్లోరైడ్ ప్రవాహం తగ్గిపోవడమే కారణం. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా జబ్బు చేసే మార్పులు చాలావరకు రెండు సగాలు కలిసే అతుకు దగ్గర ఉంటాయి. రెండింటికీ ఉమ్మడి అయిన నిదానపు తలుపు పాడైతే మంచి సగం కూడా మూతపడుతుంది మరి. అందుకే మొత్తం కరెంటు తగ్గిందని రాసి ఊరుకోకు. రెండు తలుపులనూ విడదీసి కొలువు. +180 మిల్లీవోల్టుల దగ్గర చాలా కొద్దిసేపు పల్స్ ఇస్తే చురుకు తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, మిగిలిన తేడా ఉమ్మడి తలుపుది. నిదానపు తలుపు నిర్మాణంలో ఎక్కడుందని అడిగావు. 148 లాగా వేలు పెట్టి చూపించగలిగింది కాదది. ప్రొటీన్ చాలా మేర కదిలితేనే జరిగే పని అనుకుంటాను.

ఇప్పుడు నా పరువు తీసే సంగతి. బాత్‌లో, అంటే కణాలుండే ద్రావణంలో, క్లోరైడ్ పదో వంతుకు తగ్గించి చూస్తే చానల్ తెరుచుకునే వోల్టేజి 58 మిల్లీవోల్టులు జరిగింది. పండగ చేసుకున్నాను. మూడు నెలల తర్వాత తెలిసింది, జరిగింది చానల్ కాదు, వోల్టేజి కొలతకు ఆధారంగా పెట్టుకున్న నా రిఫరెన్స్ ఎలక్ట్రోడ్. క్లోరైడ్ పూసిన వెండి తీగను నేరుగా బాత్‌లో ముంచితే క్లోరైడ్ మారినప్పుడల్లా దాని వోల్టేజీ మారుతుంది. నువ్వు అగార్ బ్రిడ్జి, అంటే ఉప్పు ద్రావణం కలిపిన జెల్లీ గొట్టం, మధ్యలో పెట్టు. అందులో 3 మోలార్ పొటాషియం క్లోరైడ్. బ్రిడ్జి ఎండిపోయిందేమో రోజూ పొద్దున్నే చూడు.

ఏసీ సంగతి కూడా. సీఎల్‌సీ-0 నిదానపు తలుపు వేగం 10 డిగ్రీల తేడాకు దాదాపు 40 రెట్లు మారుతుంది, చురుకు తలుపుది రెండు రెట్లకు కాస్త ఎక్కువ. ఏప్రిల్ మధ్యాహ్నం ఏసీ ఆగిపోయి తీసిన రికార్డింగును డిసెంబరుదాంతో పోల్చి మార్పు పనిచేసిందని సంబరపడొద్దు. బాత్‌లో థర్మామీటరు పెట్టి ప్రతి ఫైలు పేరులోనూ ఉష్ణోగ్రత రాయి.

మొదటి రికార్డింగు రాగానే పంపు. అందంగా ఉండాలని ఫిల్టర్ గట్టిగా బిగించకు. గీత గరుగ్గా ఉన్నా నేను చదవగలను.

మామయ్య