మూడు రకాల తలకాయలు తెచ్చుకో నాయనా

నాయనా,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. "అత్తా, ఈ పుర్రెల పేపరు నా వల్ల కాదు, ఇన్ని ఎముకల పేర్లు ఎట్ల గుర్తు పెట్టుకునేది" అన్నావు. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినదాన్ని. పేర్లు కంఠతా పట్టి మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. పరీక్ష అయిన నెలకు వాళ్లకు ఒక్క పేరూ మిగల్లేదు. ఆ చార్టులు కొన్నాళ్లు పక్కన పెట్టు. ఒక్క ఎముకను పట్టుకుని చేపలో, కోడిలో, మేకలో వెతుక్కుంటూ పో. తక్కినవి దాని వెంబడే వస్తాయి. ఆ ఎముక పేరు క్వాడ్రేట్.

తిరుపతిలోనే ఉన్నావు కాబట్టి కావలసినవన్నీ ఆదివారం మార్కెట్లో దొరుకుతాయి. చేపల దగ్గర పెద్ద శీలావతి తల ఒకటి, చికెన్ కొట్లో పారేసే కోడి తలలు రెండు, ఒక మేక తల. మేక తలకు మాత్రం ముందు రోజే చెప్పి పెట్టు. మన పక్క తలకాయను మంట మీద కాల్చి, మెదడు కోసం నడిమికి నరికి ఇవ్వడం అలవాటు కదా. కాలిన ఎముక పెళుసైపోతుంది, నరికితే అతుకులు చెదిరిపోతాయి. తోలు మాత్రం తీసి, తల తలగా ఇమ్మను. పళ్లు మారని లేత మేకది అడుగు. సంతలో 'రెండు పళ్లది', 'నాలుగు పళ్లది' అంటారే, అది కింది ముందు పళ్లు మారిన లెక్క. మారకముందు పుర్రె ఎముకలు ఇంకా కలిసిపోయి ఉండవు, ఏ ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అతుకులే చూపిస్తాయి.

చేపతో మొదలుపెట్టు. తలను కొద్ది నిమిషాలు వేడినీళ్లలో ఉంచితే కండ ఊడి వస్తుంది. మొప్పల మూత తీశాక, కన్ను వెనక నుంచి కిందికి దిగే బల్లపరుపు ఎముక కనిపిస్తుంది. అది హయోమాండిబులా, దవడను పుర్రెకు వేలాడదీసే ఎముక. దానికి ముందు, కిందుగా, విసనకర్ర ఆకారంలో ఉన్నదే క్వాడ్రేట్. దాని కింది మూలలో చిన్న బుడిపె ఉంటుంది. కింది దవడ వెనకకొస, ఆర్టిక్యులర్ ఎముక, ఆ బుడిపె మీదే ఆడుతుంది. వేలితో ఆడించి చూడు. ఈ మూడు పేర్లూ నోట్సులో మూడు రంగుల్లో రాసుకో, ఇక చివరిదాకా ఆ రంగులు మార్చొద్దు.

కోడిలో క్వాడ్రేట్ ఇంకా దవడ కీలు దగ్గరే ఉంది, కానీ కదులుతుంది. తల పచ్చిగా ఉన్నప్పుడే కింది ముక్కును కిందికి నొక్కి చూడు, పై ముక్కు కూడా కొంచెం లేస్తుంది. క్వాడ్రేట్ ముందుకు తోస్తేనే అది లేచేది. హయోమాండిబులా మాత్రం దవడ పని మానేసి, సన్నటి పుల్లలాగా చెవిలోకి చేరింది, పేరు కాల్యుమెల్లా. పుర్రె వెనక, వెన్నెముక ఆనే బుడిపె కోడికి ఒక్కటే. తర్వాత మేకను తిప్పి చూస్తే అక్కడ రెండుంటాయి.

మేక తలను గలగలా ఉడికించొద్దు. కొత్తలో నేను అదే చేసి, తెల్లగా రావాలని బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో రాత్రంతా వదిలేశాను. పొద్దున ఎముక సుద్దలాగా రాలింది. నాకు ఏడుపొచ్చింది. పెద్ద కండలు కోసేసి, మూత ఉన్న బకెట్లో నీళ్లు పోసి మిద్దె మీద పెట్టు, కొన్ని వారాల్లో మెత్తని కండంతా అదే కుళ్లి ఊడిపోతుంది. వాసన వస్తుంది, ఇంటాయనకు ముందే చెప్పు. తర్వాత సబ్బునీళ్లలో జిడ్డు పోగొట్టి, మెడికల్ షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టు. చేతులకు గ్లౌజులు తప్పనిసరి.

బకెట్ నీళ్లు మాత్రం ఊరికే పారబోయొద్దు, టీ వడగట్టేదాంట్లో పోసి చూడు. పుర్రెను చెవి రంధ్రం కిందికి వచ్చేలా పట్టుకుని నల్ల కాగితం మీద మెల్లగా తట్టు. సుమారు బియ్యపు గింజంత ఒకటి, దానికంటే చిన్నది ఒకటి, గుర్రపు రికాబులాగా మధ్యలో బెజ్జంతో నూకంతది ఒకటి రాలతాయి. స్కూల్లో కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని చదివినవి అవే. ఆ దాగలే, నాయనా, శీలావతిలో నువ్వు వేలితో ఆడించిన క్వాడ్రేట్. కూటకం ఆర్టిక్యులర్ నుంచి, రికాబు హయోమాండిబులా నుంచి వచ్చాయి. మేకకు కింది దవడ ప్రతి పక్కా ఒకే ఎముక, డెంటరీ. అది పుర్రె పక్కభాగపు ఎముక స్క్వామోజల్‌తో కొత్త కీలు కట్టుకుంది, పాత కీలు చెవిలోకి పోయింది.

దీన్ని పిండాల్లో గమనించి 1837లోనే చెప్పినవాడు జర్మన్ శరీర శాస్త్రజ్ఞుడు రైకర్ట్. మరి పాత కీలు వదలి కొత్త కీలు పట్టే మధ్యకాలంలో ఆ జంతువు ఎట్ల నమిలింది అని నువ్వు అడగాలి. 20 కోట్ల ఏళ్ల నాటి మోర్గానుకోడాన్ అనే, పాలిచ్చే జంతువుల తొలి చుట్టం దవడలో రెండు కీళ్లూ పక్కపక్కనే పనిచేశాయి. ఆ బొమ్మ మొదటిసారి చూసిన రోజు నేను లైబ్రరీలోంచి లేవలేకపోయాను.

ఒక్క తప్పు మాత్రం చేయొద్దు. చేప, కోడి, మేకలను నిచ్చెన మెట్లలాగా పేర్చొద్దు. మేక కోడి నుంచి రాలేదు. ఆ రెండు దారులు విడిపోయి 30 కోట్ల ఏళ్లు దాటింది. శీలావతి కూడా పాతకాలపు నమూనాగా ఆగిపోయిన ప్రాణి కాదు. దాని ఈత తిత్తి నుంచి చెవికి శబ్దం చేరవేసే వెబర్ ఎముకలు వెన్నుపూసల నుంచి వచ్చాయి. చెవికి సాయం కావలసివస్తే దాని వంశం వెన్నును వాడుకుంది, మన వంశం దవడను వాడుకుంది. పరీక్షలో ఈ తేడా రాస్తే నీకు అర్థమైందని దిద్దేవాళ్లకు తెలుస్తుంది.

బొమ్మలు నువ్వే గీయి, పైనుంచి, కిందినుంచి, పక్కనుంచి, వెనకనుంచి. ఫోటో చూసి కాదు, ఎముకను చేతిలో పెట్టుకుని. శేషాచలం దారిలో చచ్చిన ఉడుమో, దుప్పి పుర్రెయో కనిపించినా ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, అనుమతి లేకుండా చదువు కోసమన్నా ఒప్పుకోరు.

సంక్రాంతికి చిత్తూరు వస్తావు కదా. నా బీరువాలో అగ్గిపెట్టెలో దూది మీద ఒక మేక చెవి ఎముకలు మూడూ ఉన్నాయి, నీ వాటితో పోల్చుకుందాం. శీలావతి క్వాడ్రేట్ విడిగా పొట్లం కట్టి తీసుకురా. భూతద్దం నా దగ్గర ఉంది.

మీ అత్త