అనుమానించేవాళ్ల వైపు కూడా న్యాయం ఉండాలి

చిరంజీవికి,

నీ రాతప్రతి ఆసాంతం చదివాను. పోరాట ఘట్టాలకు వంక పెట్టడానికి లేదు. నా పేచీ అంతా నీ సూపర్ హీరో జట్టుతోనే. ఒకప్పుడు శత్రువుల పక్షాన పనిచేసిన ఆ కుర్రవాణ్ణి నలుగురూ సూటిపోటి మాటలంటారు, అతను కిటికీ దగ్గర నిలబడి కుమిలిపోతాడు, చివరికి ఊరిని కాపాడితే అందరూ వచ్చి కావలించుకుంటారు. వాళ్లు అతన్ని ఎందుకు నమ్మరో మాత్రం ఎక్కడా లేదు. పాఠకుడు జాలిపడాలి కాబట్టి నమ్మరు, అంతే. టీవీ సీరియల్ అత్తగార్లకూ వీళ్లకూ తేడా ఏమిటి?

ఎక్స్-మెన్ అనే సూపర్ హీరోల జట్టు కామిక్స్‌లో రోగ్ కథ చదువు. సినిమాల్లోని బెదురుచూపుల అమ్మాయి కాదు. కామిక్స్‌లో ఆమె 1981లో విలన్‌గానే అడుగుపెట్టింది. ఎవరిని తాకితే వాళ్ల శక్తులూ జ్ఞాపకాలూ ఆమెకు వచ్చేస్తాయి. మామూలుగా అవి కొంతసేపే ఉంటాయి గానీ, కారల్ డాన్వర్స్ అనే సూపర్ హీరోయిన్ నుంచి లాక్కున్నవి ఆమెలోనే ఉండిపోయాయి. ఎక్స్-మెన్ జట్టుకు గురువైన ప్రొఫెసర్ జేవియర్ తన మనోశక్తితో కారల్‌కు జ్ఞాపకాలైతే తిరిగి తెప్పించాడు. వాటితో ముడిపడిన మమకారాన్ని తేలేకపోయాడు. కన్నవాళ్లెవరో కారల్‌కు తెలుసు, తలుచుకుంటే మనసులో ఏమీ కదలదు. ‘గతంలో ఎన్నో ఘోరాలు చేశాడు’ అని నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టిన చోట ఉండాల్సింది ఇలాంటి నష్టం.

రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ అంతటితో ఊరుకోలేదు. 1983లో, పరాయి జ్ఞాపకాల హోరు భరించలేక రోగ్ సాయం కోరుతూ జేవియర్ గడప తొక్కుతుంది. కారల్ అప్పటికి ఆ జట్టుకు ఆప్తురాలు. రోగ్‌ను చూడగానే ఒక్క గుద్దుతో ఆకాశంలోకి పంపిస్తుంది. ఈమెను చేర్చుకుంటే మేం వెళ్లిపోతామని జట్టు తిరగబడుతుంది. వాళ్ల స్థానంలో నేనున్నా అదే మాట అనేవాణ్ణి. రోగ్ మీద జాలి, వాళ్ల మీద గౌరవం, రెండూ ఒకేసారి కలుగుతాయి. నీ కథలో నాకు ఆ ఇరకాటం ఎదురుకాలేదు.

తర్వాత కథ జపాన్‌కు వెళుతుంది. జట్టులోని వుల్వరిన్‌కు కారల్ పాత స్నేహితురాలు, అందుకే రోగ్ అంటే మంట. మిగతావాళ్లు విషప్రయోగంతో పడిపోవడంతో అతను ఆమెతోనే కలిసి పోరాడాల్సి వస్తుంది. అతను పెళ్లాడబోయే మరికోకు తగలాల్సిన దెబ్బకు రోగ్ అడ్డుపడి కొన ఊపిరితో ఉంటుంది. అప్పుడు, గాయాలు మాన్పుకునే తన శక్తి ఆమెకు అందాలని, తన ప్రాణానికి ముప్పని తెలిసీ వుల్వరిన్ ఆమెను ముద్దుపెట్టుకుంటాడు. ఏ స్పర్శ వల్ల ఆమెను అసహ్యించుకున్నాడో, ఆ స్పర్శకే తనను అప్పగించుకున్నాడు. ఉపన్యాసం లేదు, సామూహిక ఆలింగనం అంతకన్నా లేదు. నమ్మినవాడు ఒక్కడే. నీ ఆఖరి అధ్యాయంలో నలుగురూ ఒకేసారి కళ్లు తుడుచుకోవడం చూసి నాకు నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు.

ఇదంతా అమెరికా సరుకని అనుకుంటావేమో, మన ఉద్యోగపర్వం తిరగెయ్యి. భీష్ముడు కర్ణుణ్ణి అర్ధరథుడని, అంటే సగం యోధుడేనని, తీసిపారేస్తాడు. కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపం ఉంది అంటాడు. అవమానమే, కానీ అబద్ధం ఒక్కటీ లేదు. కర్ణుడు అలిగి, భీష్ముడు పడేదాకా పదిరోజులు ఆయుధం పట్టలేదు. అపనమ్మకానికి కౌరవ సైన్యం చెల్లించిన మూల్యం అది. నీ జట్టు ఏం పోగొట్టుకుంది?

ఇక రహస్యం మాట. వుల్వరిన్ 1974లో వచ్చాడు, అతని పుట్టుపూర్వోత్తరాలు 2001లో గానీ బయటపెట్టలేదు. నెలనెలా వచ్చే పత్రికకు అది చెల్లింది, పైగా తన గతం అతనికే గుర్తులేదు. నీ హీరోకు అన్నీ గుర్తే, మొదటి పేజీ నుంచీ మనం అతని బుర్రలోనే ఉన్నాం. అయినా నూట అరవయ్యో పేజీ దాకా మాకు చెప్పవు. అది ఉత్కంఠ కాదు, దొంగాట. మాకు రెండో అధ్యాయంలోనే చెప్పెయ్యి, జట్టుకు మాత్రం చెప్పకు. అప్పుడు అతని పక్కన కూర్చుని ఎవరు అన్నం తిన్నా మా గొంతులో ముద్ద దిగదు.

ముందుగా ఆ నలుగురిలో ఒకరిని ఎంచుకో. నీ హీరో చేతుల్లో ఆ మనిషికి సొంతంగా ఏం పోయిందో రెండు పేజీలు రాసి పంపు. పీడకలలు మాత్రం పూర్తిగా కొట్టెయ్యి, ఐదు ఉన్నాయి.

ఆశీస్సులతో,
నీ మేలు కోరే పెద్దవాడు