డాక్టర్ సలహా: అపార్ట్‌మెంట్ పార్కులోకి కుక్కలు వస్తే పిల్లలకు ప్రమాదమా?

ప్రశ్న: మాది కర్నూలు. మా అపార్ట్‌మెంట్‌లో కొందరు కుక్కల్ని పెంచుతున్నారు. సాయంత్రం వాటిని పార్కులోకి, పిల్లలు ఆడుకునే ఇసుక దగ్గరికి కూడా తెస్తున్నారు. మా మనవడికి మూడేళ్లు. కోడలికి ఐదో నెల. కుక్కల్ని అసలు రానివ్వొద్దని మీటింగ్‌లో అడగాలనుకుంటున్నాం. మా భయం సరైనదేనా? – ఒక పాఠకురాలు

జవాబు: భయం సరైనదే కానీ, పార్కు మొత్తానికి కాదమ్మా, ఇసుక వరకు. అక్కడికి మాత్రం ఏ కుక్కనూ రానివ్వొద్దని గట్టిగా అడగండి.

కుక్క మలంలో టాక్సోకారా అనే నులిపురుగు గుడ్లు ఉండవచ్చు. అవి మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు ఉన్నాకే అంటుకునే దశకు వస్తాయి. అంటే మలాన్ని అప్పటికప్పుడు తీసేస్తే ఈ ముప్పు దాదాపు ఉండదు. వదిలేస్తే గుడ్లు నెలల తరబడి బతుకుతాయి. మూడేళ్ల పిల్లాడు ఇసుకలో ఆడి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటాడు. పురుగు పిల్లలు కాలేయానికి, ఊపిరితిత్తులకు, అరుదుగా కంటికి చేరతాయి. కంటికి చేరితే చూపు దెబ్బతినవచ్చు. కుక్క మలంలోనే ఉండే మరో పురుగు, కొంకిపురుగు (హుక్‌వర్మ్) అయితే ఉత్తి కాళ్లతో ఆడే పిల్లల చర్మంలోకే దూరుతుంది. పాకినట్టు ఎర్రటి గీత, విపరీతమైన దురద వస్తాయి. రాత్రిళ్లు ఇసుక మీద టార్పాలిన్ కప్పించండి. వీధి కుక్కలు, పిల్లులు కూడా అక్కడికే వస్తాయి.

కోడలి గురించి టెన్షన్ వద్దు. గర్భిణులకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలం నుంచి, సరిగా ఉడకని మాంసం నుంచి వస్తుంది. పెంపుడు కుక్క పక్కనుంచి వెళ్తే రాదు.

ఇక మీటింగ్ సంగతి. పెంపుడు కుక్కల్ని అసోసియేషన్లు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకే నిషేధం అడిగితే గొడవే మిగులుతుంది. బదులుగా ప్రతి కుక్కకూ రేబిస్ టీకా కార్డు చూపించమనండి. మూడు నెలల వయసులో మొదటి టీకా, తర్వాత బూస్టర్, ఆపైన పశువైద్యుడు చెప్పినట్టు ఏటా వేయించాలి. మూడు నెలలకోసారి నులిపురుగుల మందు, బయటికొస్తే మెడకు బెల్టు, మలం తీయడం యజమాని బాధ్యత. ఇవి ఒప్పుకోని వాళ్ల కుక్కను పార్కులోకి తేవద్దనడం నా దృష్టిలో న్యాయమే.

అందరూ గుర్తుంచుకోవాల్సింది మరొకటి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం. టీకా వేసిన కుక్క కరిచినా, గోరు గీరుకున్నా వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, పసుపు, ఆకు పసరు పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ వైరస్‌ను అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి, అది వేశారో లేదో మీరే అడగండి.

పిల్లలు తిడతారని భయపడి కాటు దాచేస్తారు. చిన్న గీత పడ్డా వచ్చి చెప్పమని, చెబితే ఎవరూ కోప్పడరని మీ మనవడికి ఇప్పుడే చెప్పిపెట్టండి.