చికాకోల్ అంటే శ్రీకాకుళమే

ప్రశ్న: ఉద్యోగం మీద దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చి మూడు నెలలైంది. ఇక్కడి వంశచరిత్ర సంఘం వాళ్లు ఒకప్పుడు మన దేశం నుంచి ఇక్కడికి కూలీలుగా వచ్చినవాళ్ల వివరాలున్న పాత ఓడల జాబితాల్లోని తెలుగు ఊళ్ల పేర్లు చదివిపెట్టమని అడుగుతున్నారు. నాకు చరిత్రలో ప్రవేశం లేదు. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లండి. ఈ శనివారమే వెళ్లండి. సెలవు రోజులు మీకెలా గడుస్తున్నాయో మీరు చెప్పకుండానే నాకు తెలుసు. ఇంత అన్నం వండుకోవడం, ఇంటికి ఫోను చేయడం, అమ్మ "తిన్నావా" అంటే "తిన్నాను" అనడం, ఆ తర్వాత చీకటి పడేదాకా కిటికీ దగ్గర కూర్చోవడం. ఇరవై ఏళ్ల కిందట నేను పద్నాలుగు నెలలు అలాగే గడిపాను. వీడియో కాల్ ఉంది కదా అని మీ తరం ధీమాగా ఉంటుంది. ఫోను పెట్టేశాక గది గదిలాగే ఉంటుంది, చూస్తారుగా.

నన్నూ ఇలాగే పిలిచారు. గుంటూరువాణ్ణి, ఇంజనీరుని, ఊళ్ల పేర్లు చదవడం ఎంత పని అనుకుని వెళ్లాను. పొడవాటి బల్ల చుట్టూ పదిమంది పెద్దవాళ్లు. డెబ్భై దాటిన ఒకావిడ చేతిసంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి నా ముందు పరిచారు. అది ఆమె ముత్తాత వివరం. ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు 22, ఎత్తు, ఎడమ మోకాలి మీద మచ్చ. జిల్లా గంజాం, ఠాణా చికాకోల్. ఊరి పేరు సగం చెరిగిపోయింది.

"గంజాం ఒడిశాలో ఉంది. మీవాళ్లు ఒడియావాళ్లు" అని చెప్పేశాను. ఆమె కాగితాన్ని పాత మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకున్నారు. కాసేపటికి, "మా అమ్మ నాకు అన్నం పెడుతూ బువ్వ అనేది. అది ఒడియా మాటేనా?" అని ఇంగ్లీషులో అడిగారు. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పలాసలో మిత్రుడి తండ్రి, రిటైరైన మాస్టారు, ఫోనులో విడమరిచి చెప్పారు. చికాకోల్ అంటే శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. తర్వాత విశాఖ జిల్లాలో కలిసింది, 1950లో విడి జిల్లా అయింది. ఆదివారం ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి క్షమించమని అడిగి, ఇదంతా చెప్పాను. మనవళ్లందరినీ పిలిచి "శ్రీకాకుళం" అని నా చేత మళ్లీ మళ్లీ పలికించారు. ఆ పూట అక్కడే భోజనం. ఆమె కన్నుమూసేదాకా ఒక్క దీపావళి కూడా నేను ఒంటరిగా చేసుకోలేదు.

ఇంకో తప్పు కూడా చేశాను, అది మీరు చేయకండి. కనిపించిన ప్రతి నాయుడు గారినీ ఇంటిపేరు అడిగేవాణ్ణి, ఆ వెంటనే కులం. ఒకసారి బల్ల చుట్టూ అందరూ ఒక్కసారిగా మౌనం అయిపోయారు. ఓడల జాబితాలో ఇంటిపేరుకు గడే లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, అంతే. చాలా కుటుంబాల్లో తాత పేరే తర్వాతివాళ్లకు ఇంటిపేరైంది. కులం గడి ఉంది గానీ, అది గుమాస్తా రాసుకున్న మాట. ఈనాటి మనుషులను దానితో కొలవకూడదు.

మనవాళ్లకు తప్ప పట్టుబడనివి కొన్నుంటాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ వచ్చింది మొదలు 1911 దాకా నేటాల్‌కు, అంటే ఈ డర్బన్ ఉన్న ప్రాంతానికి, 1,52,184 మంది కూలీలు వచ్చారు. గుమాస్తాలు చెవికి వినబడినట్టు పేర్లు రాశారు. సన్యాసి అని కనబడితే ఇక్కడివాళ్లు ఎవరో సాధువు అనుకుంటారు. అది విశాఖ వైపు పిల్లవాడి పేరని మీకు చప్పున తెలుస్తుంది. అప్పన్న, సింహాచలం కూడా అంతే. ఊరి పేరు విషయంలో మాత్రం తొందరపడకండి. కొత్తపాలేలు, రామాపురాలు తాలూకాకు రెండు మూడుంటాయి. పాత తాలూకా పటం పక్కన పెట్టుకుని, ఠాణా సరిచూశాకే నోరు విప్పండి.

జాబితాల గురించి క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుథులి కేంద్రాన్ని అడగండి. ఓసీఐ కార్డు, అంటే భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, కోసం మిమ్మల్ని సాయం అడిగేవాళ్లుంటారు. ఆ నిబంధనలు కాన్సులేట్ వెబ్‌సైటులో ఉంటాయి, మీరు మధ్యలో హామీలు ఇవ్వకండి. 1931లో పుట్టిన ఇక్కడి తెలుగువాళ్ల సంఘం, ఆంధ్ర మహాసభవాళ్లనూ పరిచయం చేసుకోండి.

నాలుగైదు వారాలు తిరిగేసరికి ఎవరో ఒకరు ఆదివారం భోజనానికి రమ్మంటారు. కూర కారంగా ఉంటుంది, మన కారం కాదు. ఆఫీసు పని ఉందని మాత్రం చెప్పకండి. వెళ్లండి.